పంటి నొప్పికి లాలాజలం సాక్ష్యం

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ వైద్యశాల 1915 నాటికి అక్కడ స్థిరపడింది. డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని పెంచి పెద్దచేశారు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా తొలి అడుగులు వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. రోగి తెమడను గాజుపలక మీద పూసి, రంగు అద్ది, సూక్ష్మదర్శిని కింద చూడటం చాలాకాలం క్షయ వైద్యానికి వెన్నెముకగా నిలిచింది. నోటి నుంచి వచ్చినదాన్ని చదివి ఒంట్లో ఏముందో చెప్పే విద్య ఈ నేలకు నూరేళ్లుగా తెలుసు.

ఇప్పుడు వైద్య పరిశోధకులు అదే నోటి నుంచి మరో ద్రవాన్ని పట్టి ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. పంటి నొప్పి ఎంత ఉందో లాలాజలం చెప్పగలదా? రూట్ కెనాల్ చేశాక ఆ నొప్పి నిజంగా తగ్గిందని ధ్రువీకరించగలదా? ఈ వ్యాసం ఆ ప్రశ్న మీద ఇప్పటివరకు పోగైన జ్ఞానాన్ని ఒకచోట పెట్టి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లకు అది ఎంతవరకు పనికొస్తుందో తూచి చూసే ప్రయత్నం.

ముందే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. తెమడలో వెతికేది రోగాన్ని తెచ్చిన క్రిమిని. అది కనబడితే రోగం ఖాయం. నొప్పికి అలాంటి క్రిమి లేదు. లాలాజలంలో మనకు దొరికేది నొప్పి కాదు, నొప్పికి ఒళ్లు పడిన పాటు తాలూకు జాడ. ఇంటికి దొంగ వచ్చాడో చుట్టం వచ్చాడో కుక్క అరుపు ఒక్కటే విని చెప్పలేనట్టే, జాడను బట్టి కారణాన్ని నేరుగా తేల్చలేం. ఈ రంగంలో వచ్చిన ఆశలూ, పొరపాట్లూ చాలామటుకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

పన్నులో జరిగేది

మన వైపు పంటి నొప్పితో వచ్చేవారి మాటలు సాధారణంగా రెండు రకాలు. "చల్లనీళ్లు తగిల్తే జివ్వుమంటాది" అని కొందరంటారు. "రాత్రంతా సలుపుతానే ఉండాది, పండుకుంటే ఇంకా ఎక్కువైతాది" అని మరికొందరు. ఈ రెండు మాటలూ రెండు వేరువేరు నరాలు పలికించేవి.

పన్ను పైపొర ఎనామెల్. దాని కింద డెంటిన్. నడుమ రక్తనాళాలూ నరాలూ ఉన్న మెత్తని గుజ్జు. డెంటిన్ నిండా వెంట్రుక కన్నా సన్నని గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. పుచ్చు లోతుకు దిగి ఆ గొట్టాలు తెరుచుకున్నాక చల్లదనం తగిలితే లోపలి ద్రవం చటుక్కున కదులుతుంది. ఆ కదలిక ఎ-డెల్టా అనే వేగమైన నరపు పోగులను లేపుతుంది. స్వీడన్ శాస్త్రవేత్త మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో బలంగా నిలబెట్టిన వివరణ ఇది. జివ్వుమనడం అంటే ఇదే.

సలుపు కథ వేరు. క్రిములు గుజ్జు దాకా చేరితే అక్కడ వాపు పుడుతుంది. ఒంట్లో ఇంకెక్కడ వాచినా చర్మం సాగి చోటిస్తుంది. పంటి గుజ్జుకు చుట్టూ రాయి లాంటి గోడలు. వాపుకు చోటు లేక లోపలి ఒత్తిడి పెరుగుతుంది, నెమ్మదిగా పలికే సి పోగులు మేలుకుంటాయి. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా చేరి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. రాత్రి పూట పంటి నొప్పి మనిషిని లేపి కూర్చోబెట్టేది అందుకే. ఈ దశను దంతవైద్యులు తిరిగి కోలుకోలేని గుజ్జు వాపు అంటారు. ఇక సాధారణంగా మిగిలే దారులు రెండు: పన్ను పీకించుకోవడం, లేదా రూట్ కెనాల్.

జనం దీన్ని నరం తీయించుకోవడం అంటారు. మత్తు సూది వేసి, పంటికి రంధ్రం చేసి, పాడైన గుజ్జును సన్నని ఫైళ్లతో తీసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కాలువలు కడిగి, గట్టాపర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపి, పైన క్యాప్ వేస్తారు. నొప్పికి మూలమైన గుజ్జే పోతుంది కాబట్టి నొప్పి కూడా పోవాలి. పరిశోధకులకు ఈ చికిత్స మీద ఆసక్తి పుట్టింది ఇందుకే. నొప్పి కారణం ఇంత స్పష్టంగా ఒకచోట ఉండి, గంటలోపే దాన్ని తొలగించగలిగే సందర్భాలు వైద్యంలో తక్కువ. లాలాజలం నిజంగా నొప్పిని చెప్పేదైతే ఆ మార్పు ఇక్కడ కనబడి తీరాలి.

నోరూరడం, నోరెండిపోవడం

తెలుగువారు ఈ శాస్త్రాన్ని నుడికారంలో ఎప్పుడో పెట్టుకున్నారు. ఊరుబిండి తలుచుకుంటే నోరూరుతుంది. భయం వేస్తే నోరెండిపోతుంది, నాలుక పిడచకట్టుకుపోతుంది. లాలాజల గ్రంథులకు రెండు వైపుల నుంచి ఆజ్ఞలు వస్తాయి. ఒంటికి విశ్రాంతినిచ్చే పారాసింపథెటిక్ నరాలు పలచని లాలాజలాన్ని ధారాళంగా ఊరిస్తాయి. ఆపదలో మేలుకునే సింపథెటిక్ నరాలు కొద్దిపాటి ద్రవాన్నే, కాని ప్రోటీన్లతో చిక్కగా పంపుతాయి. భయంలో ఉన్న మనిషి నోట్లో నీరు తక్కువ, సరుకు ఎక్కువ.

ధర్మశాస్త్రాల్లో తండుల దివ్యం అని ఒక పరీక్ష ఉంది. దొంగతనం మోపబడినవాడి చేత బియ్యం నమిలించి ఉమ్మించేవారు. ఉమ్మిన బియ్యం తీరును బట్టి, అంటిన నెత్తురును బట్టి, వాడి దవడల అవస్థను బట్టి దోషం తేల్చేవారు. నోరెండినవాడు పొడి బియ్యాన్ని నమలలేడు, చిగుళ్లు గీరుకుంటాయి. లాలాజలం మనసులోని భయాన్ని బయటపెడుతుందన్న గమనిక అందులో ఉంది. కాని ఆ భయం తప్పు చేసినందుకా, చేయని తప్పు మీద పడ్డందుకా? నిర్దోషికీ నోరెండుతుంది. ఈ పాత పరీక్షలోని లోపమే నేటి ప్రయోగశాలకూ అడ్డు తగులుతోంది. దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్న మనిషి లాలాజలం మారితే అది పంటి నొప్పి వల్లనా, సూది చూసిన భయం వల్లనా?

నలుగురు సాక్షులు

లాలాజలంలో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన కాస్తలోనే వందల రకాల ప్రోటీన్లు, హార్మోన్లు ఉంటాయి. నొప్పి విషయంలో ఎక్కువగా పరీక్షకు నిలిచినవి నాలుగు రకాలు.

మొదటిది ఆల్ఫా అమైలేజ్. అన్నంలోని, సంగటిలోని పిండిపదార్థాన్ని నోట్లోనే విడగొట్టడం మొదలుపెట్టే ఎంజైమ్ ఇది. చెవి ముందుండే పెరోటిడ్ గ్రంథి నుంచి ఎక్కువగా వస్తుంది. సింపథెటిక్ నరాలు మేలుకోగానే కొన్ని నిమిషాల్లోనే పెరుగుతుంది, ఒత్తిడి తగ్గితే అంతే త్వరగా దిగుతుంది. రక్తం తీయనక్కర్లేదు, సూది గుచ్చనక్కర్లేదు. జపాన్‌లో దీన్ని కొలవడానికి చేతిలో ఇమిడే మీటర్లు కూడా తయారుచేశారు. వీపు నొప్పి ఏళ్ల తరబడి పీడిస్తున్నవారి మీద 2007లో వెలువడిన ఒక జపాన్ అధ్యయనం, వెన్నులో మందు ఎక్కించి నొప్పి తగ్గించాక అమైలేజ్ కూడా తగ్గిందని చూపింది. ఆ తర్వాత దంతవైద్యుల చూపు దీనిమీద పడింది.

రెండోది కార్టిసాల్. మెదడు నుంచి పిట్యూటరీ ద్వారా అడ్రినల్ గ్రంథులకు అందే ఆజ్ఞతో విడుదలయ్యే హార్మోన్ ఇది. కొవ్వులో కరిగే గుణం ఉన్నందువల్ల రక్తం నుంచి లాలాజలంలోకి తేలిగ్గా వస్తుంది. ఉమ్మి ఎక్కువగా ఊరినా తక్కువగా ఊరినా దీని సాంద్రత పెద్దగా మారదు. ఇది దీనికున్న మంచి గుణం. అయితే ఇది నిదానం మనిషి. ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాలకు గాని నోట్లో పతాక స్థాయికి చేరదు. సూది వేసిన క్షణంలో తీసిన ఉమ్మిలో కనిపించే కార్టిసాల్, ఆ రోగి బయట బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసిన అరగంట కిందటి కథ చెబుతుంది.

మూడోది నరాలే విడుదల చేసే పెప్టైడ్‌లు. సబ్‌స్టన్స్ పి అనే పదార్థాన్ని 1931లో ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ కనుగొన్నారు. నొప్పిని మోసే నరపు చివరల నుంచి ఇది గుజ్జులోకి వెలువడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, వాపును ఎగదోస్తుంది. వాచిన పంటి గుజ్జులో ఇది ఎక్కువగా ఉంటుందని గుజ్జును నేరుగా పరీక్షించి తేల్చారు. నొప్పి పన్ను చుట్టూ చిగురు సందులో ఊరే ద్రవంలో కూడా దీన్ని కొలిచారు. తక్కిన ముగ్గురితో పోలిస్తే నొప్పి నరానికి దగ్గరి చుట్టం ఇదే. చిక్కేమిటంటే పరిమాణం చాలా స్వల్పం, ఆయుష్షు కూడా తక్కువ. నోరంతా ఊరిన ఉమ్మిలో కలిశాక ఒక్క పంటి నుంచి వచ్చిన చుక్కను గుర్తుపట్టడం చెరువులో పోసిన చెంబెడు పాలను వెతకడమే.

నాలుగోది వాపు ప్రోటీన్లు: ఇంటర్‌ల్యూకిన్‌లు, టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఎంఎంపీ-8, ఎంఎంపీ-9 వంటివి. కణజాలాన్ని కోసే ఎంఎంపీ-8ను చిగుళ్ల జబ్బు గుర్తించడానికి కుర్చీ పక్కనే పరీక్షించే పట్టీలు ఫిన్లాండ్ శాస్త్రవేత్తల కృషితో వచ్చాయి. మనకు దగ్గరలోని మణిపాల్ పరిశోధకులు విదేశీ సహచరులతో కలిసి, పుచ్చు లోతు పెరిగేకొద్దీ డెంటిన్ గొట్టాల ద్రవంలో ఎంఎంపీ-9 పెరుగుతుందని 2017లో చూపారు. ఇది చాలా విలువైన దారి. ఎందుకంటే అక్కడ కొలిచింది నోరంతా కలిసిన ఉమ్మిని కాదు, జబ్బుపడ్డ పంటి సొంత ద్రవాన్ని. మొత్తం లాలాజలంలో ఈ ప్రోటీన్లు పెరిగాయంటే మాత్రం మొదట అనుమానించాల్సింది గుజ్జును కాదు, చిగుళ్లను.

చికిత్సకు ముందు, తర్వాత

చికిత్స తర్వాత నొప్పి ఎలా తగ్గుతుందో ముందు తెలియాలి. అప్పుడే లాలాజలంలోని ఈ సూచికలు దాని వెంట నడిచాయో లేదో చూడగలం. జాక్లిన్ పాక్, షేన్ వైట్ 2011లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. రూట్ కెనాల్‌కు ముందు సగటున 81 శాతం మందికి నొప్పి ఉంది. ఒక రోజు తర్వాత 40 శాతానికి, వారానికి 11 శాతానికి తగ్గింది. 100కు లెక్కేసిన తీవ్రత 54 నుంచి 24కు, ఆపైన 5కు దిగింది. అంటే రూట్ కెనాల్ నొప్పిని తెచ్చే పని కాదు, ఉన్న నొప్పిని దించే పని. "నరం తీయిస్తే ఇంకా ఎక్కువ నొస్తాది" అన్న భయంతో నెలల తరబడి లవంగం కొరుక్కుంటూ గడిపేవారికి ఈ అంకెలు ఎంత త్వరగా చేరితే అంత మంచిది.

లాలాజలం వైపు చూస్తే, తిరిగి కోలుకోలేని గుజ్జు వాపు ఉన్న 36 మంది మీద ఇరాన్‌లోని హమదాన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం తరచుగా ప్రస్తావనకు వస్తుంది. రోగి చెప్పిన నొప్పి అంకె పెరిగేకొద్దీ అమైలేజ్ కూడా పెరిగిందని వారు గమనించారు. ఈ ఫలితం ఆశ పుట్టించింది. అయితే ఒక సమూహంలో రెండు అంకెలు కలిసి నడవడం వేరు, ఒక్క మనిషి ఉమ్మిని చూసి అతని నొప్పి ఇంత అని చెప్పగలగడం వేరు. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర ఎక్కువైందంటే వానలు చెడగొట్టాయా, తెగులు సోకిందా, ఉత్తరాది నుంచి గిరాకీ వచ్చిందా అన్నది ధర ఒక్కటే చూసి ఏ రైతూ చెప్పడు. అమైలేజ్ కూడా అలాంటి ధర. నొప్పికి పెరుగుతుంది, భయానికి పెరుగుతుంది, మెట్లెక్కి వచ్చిన ఆయాసానికీ పెరుగుతుంది.

దంతవైద్యం తెచ్చే ఒత్తిడి మీద కార్టిసాల్‌తో 1990లలోనే అధ్యయనాలు వచ్చాయి. చికిత్సకు ముందున్న ఆందోళనకూ కార్టిసాల్‌కూ సంబంధం ఉందని అవి చూపాయి. ఇక్కడే ఒక విషయం బయటపడుతుంది. ఆ రోగుల్లో చాలామంది నొప్పితో వచ్చినవారు కారు. కార్టిసాల్ పలికింది వారి భయాన్ని. రూట్ కెనాల్‌కు ముందు తర్వాత తీసిన ఉమ్మిలో తేడా కనబడితే, పోయింది నొప్పా, లేక "ఇక అయిపోయింది" అన్న ఊరటతో దిగిన భయమా అని అడగాల్సిందే.

సూది మందు ఇంకో చిక్కుముడి. మన దేశంలో దంతవైద్యులు ఎక్కువగా వాడేది అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్. మత్తు ఎక్కువసేపు నిలవడానికి 80,000 వంతుల్లో ఒక వంతు అడ్రినలిన్ కలుపుతారు. అడ్రినలిన్ అంటే ఒంటి ఒత్తిడి వ్యవస్థ మాట్లాడే భాషే. ఆ భాషను మనమే సూదితో ఎక్కించి, ఆ తర్వాత ఒళ్లు ఏమంటోందని ఉమ్మిని అడిగితే జవాబు కలగాపులగం అవుతుంది. కింది దవడ పళ్లలో గుజ్జు బాగా వాచి ఉంటే ఒక్క సూదికి మత్తు సరిగా పట్టకపోవడం మామూలే. రెండోసారి, మూడోసారి వేయాల్సి వస్తుంది. ఎవరికి ఎంత మందు వెళ్లిందో రాసుకోని అధ్యయనం చేతిలో మిగిలే అంకెలకు అర్థం చెప్పడం కష్టం.

ఇన్ని చిక్కుల నడుమ నమ్మదగిన పోలిక ఒకటుంది. చికిత్స జరిగిన గంటకో మూడు గంటలకో తీసిన ఉమ్మి కన్నా, వారం తర్వాత అదే గడియకు, అదే కుర్చీలో, ఏ సూదీ లేని తనిఖీకి వచ్చినప్పుడు తీసిన ఉమ్మి ఎక్కువ నిజం చెబుతుంది. ఆ రోజుకు సూది మందు కరిగిపోయి ఉంటుంది, భయం తగ్గి ఉంటుంది. పన్ను నయమైనవారిలోనూ, వాపు మిగిలినవారిలోనూ తేడా ఉంటే అది అక్కడ కనబడాలి.

కొలత తప్పేది ఎక్కడ

కొలత తప్పడానికి మొదటి కారణం పొద్దు. నిద్రలేచిన 30 నుంచి 45 నిమిషాల్లో కార్టిసాల్ పతాక స్థాయికి ఎగసి, రోజు గడిచేకొద్దీ దిగుతుంది. అమైలేజ్ నడక దీనికి తిరగబడి ఉంటుంది. లేవగానే తగ్గి, సాయంత్రం దాకా పెరుగుతూ పోతుంది. పొద్దున పది గంటలకు ఒకరి ఉమ్మిని, సాయంత్రం ఐదింటికి మరొకరి ఉమ్మిని పోలిస్తే మనం కొలిచింది నొప్పిని కాదు, గడియారాన్ని. తెల్లారకముందే లేచి టమాటా బుట్టలతో మార్కెట్‌కు వచ్చే రైతుకు, పట్టు పురుగులకు రాత్రిపూట కూడా ఆకు వేసే ఇల్లాలికి "పొద్దున" అంటే వేరువేరు గంటలు. గోడ గడియారం కాదు, నిద్రలేచిన వేళ రాసుకోవాలి.

రెండో కారణం పుట్టుక. అమైలేజ్ తయారీకి ఆజ్ఞనిచ్చే ఏఎంవై-1 జన్యువు అందరిలో ఒకే సంఖ్యలో ఉండదు. కొందరికి రెండు ప్రతులు, కొందరికి పదికి పైగా. పిండిపదార్థం ఎక్కువగా తినే జాతుల్లో ఈ ప్రతులు ఎక్కువగా ఉంటాయనీ, ప్రతులు పెరిగితే ఉమ్మిలో అమైలేజ్ కూడా పెరుగుతుందనీ 2007లో జార్జ్ పెర్రీ బృందం చూపింది. కాబట్టి తరతరాలుగా రాగి సంగటి, వరి అన్నం తిన్న జనానికి వేరే దేశంలో గీసిన హద్దు గీతను తెచ్చి పెట్టకూడదు. పుంగనూరు ఆవును ఒంగోలు ఆవు ఎత్తుతో కొలిస్తే ఎదగని దూడ అనిపిస్తుంది. అది పొట్టిది కాదు, దాని జాతికి అది నిండు ఎత్తే. ఒక మనిషి అమైలేజ్‌ను కూడా అతని మామూలు రోజుతోనే పోల్చాలి, పక్కవాడితో కాదు.

మూడో కారణం అలవాట్లు, మందులు. పొగ తాగితే అమైలేజ్ తగ్గుతుంది, నికోటిన్ కార్టిసాల్‌ను లేపుతుంది. వక్కాకు వేసుకునేవారి నోట్లో వక్కలోని అరెకోలిన్ లాలాజలాన్ని ఊరిస్తుంది, సున్నం ఆమ్ల క్షార సమతుల్యాన్ని మార్చేస్తుంది. రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్ బిళ్లలు అమైలేజ్‌ను అణుస్తాయి. మధుమేహంలో నోరు ఎండుతుంది. అన్నిటికన్నా జాగ్రత్తగా అడగాల్సింది, ఆసుపత్రికి రాకముందు మందుల అంగట్లో అడిగి వేసుకున్న బిళ్లల గురించి. ఆ పొట్లంలో డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే ఒంటి సొంత కార్టిసాల్ అణిగిపోతుంది. నొప్పి భరించలేకున్నా ఉమ్మి మాత్రం ప్రశాంతంగా ఉన్నట్టు కనబడుతుంది.

నాలుగో కారణం ఉమ్మిని పట్టే తీరు. పళ్లు తోమిన వెంటనే తీస్తే చిగుళ్ల నెత్తురు కలుస్తుంది. తిన్న వెంటనే తీస్తే ఆహారం కలుస్తుంది. నోరు కాసేపు ఊరకుంచి, తల వంచి, దానంతట అది గొట్టంలోకి కారనివ్వడం మేలైన పద్ధతి. ఎన్ని నిమిషాల్లో ఎంత ఊరిందో కొలిస్తేనే అమైలేజ్ అంకెకు అర్థం. పట్టిన వెంటనే మంచులో పెట్టాలి. కాలువలు కడిగిన హైపోక్లోరైట్ చుక్క నోట్లోకి కారినా ప్రోటీన్లు దెబ్బతింటాయి. పంటికి రబ్బరు తెర కట్టి చికిత్స చేయడం రోగికే కాదు, ఈ కొలతకూ రక్ష.

మూడు ఊళ్లలో చేయదగిన పని

ఇంత విన్నాక ఇదంతా పెద్ద నగరాల ప్రయోగశాలల పని కదా అనిపించవచ్చు. నా ఆలోచన వేరు. ఈ ప్రశ్నకు మంచి జవాబు ఇవ్వగల నేల మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతమే.

మదనపల్లెకు ఆరోగ్యవరం నేర్పిన క్రమశిక్షణ ఉంది. క్షయ రోగిని ఒకసారి చూసి వదిలేయరు. తెమడను మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు, ఇంటి దాకా వెళ్లి వెంటపడతారు. పంటి నొప్పి పరిశోధనకు కావలసింది సరిగ్గా ఆ ఓపిక. రూట్ కెనాల్‌కు వచ్చిన మనిషిని మొదటి రోజు, మరునాడు, వారానికి, నెలకు కలవాలి. నొప్పి తగ్గగానే క్యాప్ వేయించుకోకుండా మానేసేవారు మన ఊళ్లలో చాలామంది. నెల తర్వాత ఉమ్మి కోసం పిలిచే పద్ధతి ఉంటే క్యాప్ కోసమూ వస్తారు, పన్ను నిలుస్తుంది.

పుంగనూరు వంటి పట్టణంలో చిన్న క్లినిక్‌లే ఎక్కువ మందికి దిక్కు. అక్కడ చేయదగినది సరళంగా ఉండాలి: ఒక గొట్టం, ఒక మంచు పెట్టె, ఒక కాగితం. కాగితంలో నిద్రలేచిన వేళ, చివరగా తిన్న వేళ, వేసుకున్న బిళ్లలు, పొగాకు, వక్కాకు అలవాటు, మత్తు మందు పరిమాణం. ఈ వరుసలు నింపడానికి యంత్రం అక్కర్లేదు, శ్రద్ధ చాలు. తిరుపతి, కడపలలో దంత వైద్య కళాశాలలున్నాయి. వాటి ప్రయోగశాలలకు నమూనాలు చేరడం కష్టమైన ప్రయాణం కాదు.

కుప్పం ప్రత్యేకత మరొకటి. మూడు రాష్ట్రాలు కలిసే చోటది. అక్కడి పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రికి వచ్చే వరుసలో నొప్పికి మూడు భాషల మాటలు వినబడతాయి. తెలుగులో నొప్పి, కన్నడంలో నోవు, తమిళంలో వలి. నొప్పి, నోవు ఒకే కుదురు నుంచి చిగిర్చిన మాటలు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళిని తెచ్చినప్పుడు, రోగులు వాడే విశేషణాలను ఏరి, తూచి, వరుసలో పెట్టారు. మనకు జివ్వుమనడం, సలపడం, పోటు, తీపు, గుంజడం, లాగడం వంటి ఎన్నో మాటలున్నాయి. వీటిలో కొన్ని ఒక్కో రోగ దశకు దగ్గరగా ఉంటాయి. 1997లో వెలిసిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. భాషావేత్తలూ దంతవైద్యులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మూడు భాషల పంటి నొప్పి మాటలను పోగుచేస్తే, ఉమ్మిలోని ఏ అంకె ఏ మాటకు జత కుదురుతుందో చూడవచ్చు. "నొప్పి 10కి ఎంత?" అని అడిగితే తడబడే అవ్వ, "సలుపా, పోటా?" అంటే ఠక్కున చెబుతుంది.

నోరు లేనివారి కోసం

ఇంతకీ మనిషి తానుగా చెబుతుంటే ఉమ్మిని అడగడం దేనికి? ఈ ప్రశ్న న్యాయమైనదే. మాట్లాడగలిగిన పెద్దవారి విషయంలో ఇప్పటికి తేలిన జవాబు కూడా స్పష్టమే: అతని మాటే మొదటి కొలత. చల్లటి పరీక్ష, తట్టి చూడటం, ఎక్స్‌రే దానికి తోడు. లాలాజలంలోని ఏ సూచికా నేడు వాటి స్థానంలోకి రాదు. ఉమ్మి పరీక్ష ఒక్కదాన్ని నమ్ముకుని ఎవరైనా రూట్ కెనాల్ అవసరమనో, అక్కర్లేదనో చెబితే ఒప్పుకోకూడదు.

కాని చెప్పలేనివారున్నారు. మూడేళ్ల పాప పన్ను నొప్పికి అన్నం మానేస్తుంది, పన్ను అని చెప్పలేదు. మతిమరుపు ముదిరిన తాత రాత్రంతా గొణుగుతాడు, ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాట రాని బిడ్డ దవడ కొట్టుకుంటుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979 నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరించినప్పుడు, మాటతో చెప్పడం నొప్పిని తెలిపే దారుల్లో ఒకటి మాత్రమేననీ, చెప్పలేనంత మాత్రాన నొప్పి లేదనడానికి వీల్లేదనీ చేర్చింది. లాలాజల పరిశోధనకు నిజమైన గమ్యం ఈ మనుషులే. వారి మామూలు రోజు ఉమ్మి ఎలా ఉంటుందో ముందుగా తెలిసి ఉంటే, ఒక రాత్రి అది మారినప్పుడు ఇంటివారు నోరు తెరిపించి చూడటానికి అది ఒక పిలుపు అవుతుంది. తీర్పు కాదు, పిలుపు.

ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి జబ్బులతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. మన ఊళ్లలో చాలామందికి ఆ జబ్బు పన్ను పీకడంతోనే ముగుస్తుంది. పీకించుకోవడానికి ఖర్చు తక్కువ, నిలబెట్టుకోవడానికి ఎక్కువ. ఎంత గొప్ప సూచిక కనిపెట్టినా, నొప్పి ఉందని తేల్చాక ఆ పన్నును నిలబెట్టే చికిత్స అందుబాటులో లేకపోతే కొలత వ్యర్థం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రూట్ కెనాల్ చేసే కుర్చీలు పెరగడం, ఈ పరిశోధనకు ముందు జరగాల్సిన పని.

ఆరోగ్యవరంలో తెమడ పలకతో పాటు రోగి పేరు, ఊరు, ఎన్నాళ్ల దగ్గు అన్నదీ రాసుకునేవారు. పలక ఒక్కటే ఎప్పుడూ రోగం కథను పూర్తిగా చెప్పలేదు. పంటి నొప్పి కాగితం మీదా అదే వరుస ఉండాలని నా కోరిక. మొదట రోగి వాడిన మాట. తర్వాత ఆ మాటకు దంతవైద్యుడి వేళ్లు, కళ్లు ఇచ్చిన రూపం. ఆ కిందనే లాలాజలం అంకె. ఈ వరుస తలకిందులు కానంతవరకు ఉమ్మి మనకు మంచి సాక్షే.